కృష్ణాతీరమున పరదేశి సంచారము

మన దేశచరిత్రమునకు శాసనములు, నాణెములు, కావ్యములు ఎట్టి యాధారములో పరదేశులు వ్రాసిన యాత్రావృత్తాంతములును అట్టి యాధారములే. శాసనము దాతను గూర్చియు దానమును గూర్చియు చెప్పును. కావ్యము నాయకుని పొగడును. ఏటిని దాటుట యెంత కష్టమయ్యెనో, రాత్రి యెచట తల దాచుకొనవలసివచ్చెనో, ఊరి నీరు మంచిదో ఉప్పనిదో చెప్పువాడు బాటసారి యొక్కడే. ఈ కారణముచేతనే పాఠశాలల చరిత్రపుస్తకములలో హ్యూయెన్‌త్సాంగు, మార్కోపోలో, టావెర్నియే మున్నగువారి పేళ్లు తరచుగా కానవచ్చుచున్నవి.

కాని వారి మాటలను ప్రమాణముగా గైకొనువారు ముందుగా అడుగవలసిన ప్రశ్నలను సాధారణముగా విడిచిపెట్టుచున్నారు. ఆ పరదేశి యెట్లు సంచరించెను? అతనిని మోసినవారెవరు? నదిని దాటించినవారెవరు? భాష చెప్పినవారెవరు? ఏ రాజాజ్ఞ అతనిని కాపాడెను? ఇవి తెలియనిదే అతడు కన్నదెంతయో, విన్నదెంతయో నిర్ణయించుట సాధ్యము కాదు. విజయవాడను, దాని దిగువనున్న కృష్ణా డెల్టాను, ఆ చేరువ సముద్రతీరమును పట్టి యీ విషయమును విచారించుటకు తగినంత సామగ్రి కలదు.

నదియు, రేవును

కృష్ణానది సహ్యాద్రియందు మహాబలేశ్వరముకడ పుట్టి, తూర్పుగా ప్రవహించి, విజయవాడకడ రెండు కొండలనడుమ ఇరుకుదారిని చొచ్చును. ఉత్తరమున ఇంద్రకీలాద్రి, దక్షిణమున సీతానగరపు కొండ. ఆ ద్వారము దాటినపిమ్మట నదికి అడ్డు లేదు. నేల పల్లమై, ప్రవాహము విశాలమై, పులిగడ్డకడ పాయలుగా చీలి, హంసలదీవి మొదలగు చోట్ల సముద్రమున కలియును. కళింగమునుండి నెల్లూరికి పోవు తీరపుబాటయు, గోలకొండనుండి బందరునకు దిగు బాటయు ఈ కొండలసందున ఒకదానినొకటి సమీపించును. బెజవాడ రేవునకు ప్రాముఖ్యము వచ్చుటకు ఇదియే ముఖ్యకారణము.

ఈ ప్రాంతమున ప్రయాణముయొక్క కష్టసుఖములను నిర్ణయించునది దూరము కాదు, ఋతువు. డెల్టా నేల చాలవరకు నల్లరేగడి. వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. వాన పడినంతనే బంకయై బండిచక్రమును పట్టివిడువదు. మాఘమాసమున వచ్చిన బాటసారి యెండిన చేలగుండ అడ్డదారిని పోవచ్చును, నదిలో చాలభాగము ఇసుకపై నడువవచ్చును. శ్రావణమున వచ్చినవాడు అదే నదిని సముద్రమువలె చూచును. కావున ఒకడు సుగమమన్న దారిని మరియొకడు దుర్గమమనినచో ఇద్దరిలో ఒకడు అసత్యమాడెనని తలపరాదు. ఏ మాసమున వచ్చెనో ముందు తెలిసికొనవలెను.

ధాన్యకటకమున చీనాయాత్రికుడు

క్రీ. శ. 7వ శతాబ్ది ప్రథమార్ధమున, సుమారు 639 ప్రాంతమున, చీనాదేశపు బౌద్ధభిక్షువు హ్యూయెన్‌త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చెను. వేంగీప్రాంతమని పండితులు గుర్తించిన రాజ్యమును చూచి, అడవులగుండ దక్షిణముగా సుమారు వేయి లీలు నడచి ధాన్యకటకదేశమును చేరినట్లు అతని గ్రంథము చెప్పుచున్నది. అచట విహారములు పెక్కులున్నను చాలవరకు పాడుపడినవనియు, నిలిచియున్నవి ఇరువది మాత్రమనియు, వానిలో సుమారు వేయిమంది భిక్షువులుండిరనియు వ్రాసెను. రాజధానికి తూర్పుకొండపై పూర్వశైలవిహారమును, పడమటికొండపై అపరశైలవిహారమును ఉన్నవని తెలిపెను.

ఈ రాజధాని యేది అను ప్రశ్నపై పందొమ్మిదవ శతాబ్దిలో పెద్దవాదము నడచెను. ఫెర్గూసను, సూయెలు దొరలు బెజవాడయే యనిరి. బర్జెసు మొదలగువారు అమరావతిని ఆనుకొనియున్న ధరణికోట యనిరి. ఈ రెండవ మతమే తరువాత నిలిచినది. వివాదమునకు కారణము యాత్రికుని అశ్రద్ధ కాదు. అతడు స్వదేశము చేరినది 645లో. గ్రంథము చక్రవర్తి యాజ్ఞచే 646లో శిష్యునిచేత కూర్పబడినది. తాను నడచిపోయిన ఊళ్ల దిక్కులను, దూరములను పెక్కేండ్లపిమ్మట చెప్పుటలో తారతమ్యములు కలుగుట సహజము.

కాని అతడు నిలిచినచోట చెప్పిన మాటల బలము వేరు. అతని జీవితచరిత్రమునుబట్టి చూడగా, ఈ దేశమున సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులు అతనికి లభించిరి. వారు మహాసాంఘికుల త్రిపిటకమునందు ప్రవీణులు. వారికొరకై అతడు కొన్ని మాసములు ఇచట నిలిచి ఆ సంప్రదాయపు అభిధర్మమును చదివెను. వారును అతనికడ మహాయానశాస్త్రములను చదివిరి. ఆంధ్రుల భాష మధ్యదేశభాషకంటె వేఱనియు, లిపి మాత్రము చాలవరకు దానిని పోలియున్నదనియు అతడు వ్రాసిన వాక్యము నేటి భాషాశాస్త్రమునకును సమ్మతమే. తెలుగు ద్రావిడభాష, దాని లిపి బ్రాహ్మీజన్యము. దారిన పోవువాడు ఇంత సూక్ష్మమును గ్రహింపలేడు. ఈ దేశపువారితో కూర్చుండి గ్రంథములు చదివినవాడే గ్రహింపగలడు.

హ్యూయెన్‌త్సాంగుని సాక్ష్యమునందు దూరములకంటె సహవాసము ప్రబలము. ఈ సూత్రము తరువాతి యాత్రికులకును వర్తించును.

మోటుపల్లి అభయశాసనము

సముద్రమార్గమున వచ్చు పరదేశికి బాటకంటె ముందు కావలసినది రక్షణ. కృష్ణాముఖములకు నైఋతిదిశను తీరముననున్న మోటుపల్లి కాకతీయుల కాలమున ప్రసిద్ధమైన రేవుపట్టణము. అచట వీరభద్రాలయమున గల స్తంభముపై గణపతిదేవచక్రవర్తి శాసనము చెక్కబడియున్నది. దాని కాలము శాలివాహనశకము 1166, అనగా క్రీ. శ. 1244-45.

ఆ శాసనములోని విషయము చరిత్రకారులు మరలమరల చదువదగినది. పూర్వపురాజులు, ఒక దేశమునకు పోవుచు గాలివానచే దారి తప్పి, విరిగి, తమ యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును బలాత్కారముగా గైకొనుచుండిరట. ప్రాణములకంటె ధనమే ప్రియమని సముద్రమునకు తెగించినవారిపై దయచేతను, కీర్తికొరకును ధర్మముకొరకును, తాము నియతమైన సుంకము దక్క తక్కినదంతయు వారికే విడిచితిమని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకపాలు. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మొదలగు సరకుల సుంకములు విడివిడిగా చెప్పబడినవి. అడిగినంత యిచ్చుకొనవలసిన దుస్థితిని తొలగించి, ఇంతయని రాతిపై చెక్కించుటయే ఇందలి విశేషము. రేవున దిగినవాడు అధికారి దయను వేడుకొనక, రాతిని చూపి న్యాయమడుగవచ్చును.

ఈ యభయము ఒక రాజుతో తీరిపోలేదు. రెడ్డిరాజుల కాలమున, 1358లో, అనవోతారెడ్డి అదే మోటుపల్లియందు మరియొక శాసనము వేయించెను. అందు వర్తకులు వచ్చి నిలువదలచినచో భూములిచ్చి ఆదరింతుమనియు, పోదలచినచో నిర్బంధింపమనియు, సరకులను ఇష్టమువచ్చినవారికి అమ్ముకొనవచ్చుననియు, బలవంతముగా సరకు గైకొనమనియు చెప్పబడినది. పోవుటకు స్వేచ్ఛ యున్నప్పుడే వచ్చుటకు ధైర్యముండునని ఆనాటి పాలకులెరుగుదురు.

ఈ రేవునే మార్కోపోలో ముట్ఫిలి యనెనని పండితులు గుర్తించిరి. అతడు ఈ రాజ్యమును గూర్చి చెప్పినవానిలో మూడు విషయములు ముఖ్యములు. ఇచటి వస్త్రములు సాలెపురుగు గూళ్లవలె సన్ననివనుట మొదటిది. రేవుబజారులో కంటితో చూడదగినది కావున ఇది విశ్వసనీయము. వివేకవతియైన రాణి భర్త పోయినపిమ్మట నలువదియేండ్లు న్యాయముగా పాలించెననుట రెండవది. ఇందు సగము సత్యము. రాణి రుద్రమదేవి. ఆమె న్యాయశీలయనుట కీర్తిగా వినబడినదే. కాని ఆమె గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. లోయలలో మాంసఖండములు విసరగా గ్రద్దలు వానితో వజ్రములను పైకి తెచ్చుననుట మూడవది. ఈ కథనే నాలుగవ శతాబ్దియందు సైప్రసు ద్వీపపు మతాచార్యుడు ఎపిఫేనియసు చెప్పియుండెను. సింద్‌బాదు నావికుని కథలలోను ఇది యున్నది. గనిని చూడక, రేవున నావికులనోట వినినవాని మాటయిది. ఒకే గ్రంథమునందు, ఒకే రేవును గూర్చి, మూడు తరగతుల ప్రామాణ్యము కలదు. బట్ట కన్నది, రాణి విన్నది, గ్రద్ద కల్పన.

మందడమున అన్నసత్రము

మార్కోపోలో పొరపాటును దిద్దునట్టి శాసనము విజయవాడకు ఎదురుగట్టున మందడము చెంతనే కలదు. అది 1261 నాటి మల్కాపురశాసనము. అందు రుద్రమదేవి గణపతిదేవుని పుత్రికయని స్పష్టముగా నున్నది. కాని ప్రస్తుతవిషయమునకు ఆ శాసనమునందు మరియొక ప్రయోజనము కూడ కలదు.

గణపతిదేవుని గురువైన విశ్వేశ్వరశివాచార్యుడు ఈ దేశమువాడు కాడు. గౌడదేశమున దక్షిణరాఢలోని పూర్వగ్రామమువాడు. డాహలదేశమున వర్ధిల్లిన గోళకీమఠ సంప్రదాయమునకు చెందినవాడు. అంతదూరమునుండి వచ్చిన ఆ పరదేశికి చక్రవర్తి మందడగ్రామమును ఇయ్యదలచెను. ఆ దానమును రుద్రమదేవి నెరవేర్చి, వెలగపూడిని కూడ చేర్చియిచ్చెను. ఆచార్యుడు ఆ ధనమును తనకొరకు నిలుపుకొనలేదు. దేవాలయమును, మఠమును, వేదములు శాస్త్రములు చెప్పు విద్యాలయమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను, అన్నసత్రమును నెలకొల్పెను. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు వచ్చినవారందరికి అన్నము పెట్టవలెనని నియమించెను.

బాటసారి చరిత్రమునందు ఇది మోటుపల్లి శాసనముకంటె తక్కువది కాదు. మోటుపల్లిలో రాజు పరదేశికి అభయమిచ్చెను. మందడములో పరదేశియే వచ్చుపోవువారికి ఆశ్రయమిచ్చెను. ఒకటి ధనముగల వర్తకుని కాపాడునది, మరియొకటి ఏమియు లేని పాదచారిని పోషించునది. రేవున దిగిన వర్తకులు గ్రంథములు వ్రాసిరి. కృష్ణ దాటి ఈ సత్రమున భుజించిన పాదచారులు వ్రాయలేదు. కావున పరదేశుల వ్రాతలనుమాత్రమే చదివినచో ఈ దేశమున బాటసారికి గతి ధనమే యని తోచును. శాసనము చదివినప్పుడే అన్నము కనబడును.

బందరు బాట

పదునేడవ శతాబ్దిలో రంగము మోటుపల్లినుండి మచిలీపట్టణమునకు మారెను. గోలకొండ సుల్తానుల రాజ్యమునకు అదియే సముద్రద్వారము. డచ్చివారు ఆ శతాబ్ది ప్రారంభముననే వచ్చిరి. ఆంగ్లేయులు 1611లో వర్తకశాలను స్థాపించిరి. ఈ వర్తకులకును మొదట కావలసినది అభయమే. 1634లో అబ్దుల్లా కుతుబ్‌షా యిచ్చిన ఫర్మానా ఆంగ్లేయులకు సుంకములేని వర్తకమును అనుగ్రహించెను. దీనికి బంగారు ఫర్మానా యని పేరు. గణపతిదేవుని శాసనమునకును దీనికిని భేదము కలదు. మొదటిది రేవునకు వచ్చిన వారందరికి రాతిపై వ్రాసినది. రెండవది ఒక కంపెనీకి కాగితముపై వ్రాసినది. అభయము సర్వసామాన్యమైన ధర్మముగా నుండక ఒకరికి లభించిన విశేషాధికారముగా మారిన ఘట్టమిది.

అప్పటి బందరును గూర్చి ఆంగ్లవర్తకుడు విలియం మెత్‌వోల్డు వ్రాసినది గోలకొండరాజ్యపు వర్ణనలలో ముఖ్యమైనది. పట్టణము చిన్నదైనను జనసంకీర్ణమనియు, ప్రాకారము లేదనియు, కట్టుబడి బాగులేదనియు, ఊరిలోని ఊటలన్నియు ఉప్పునీరేయనియు అతడు తెలిపెను. ఏండ్లతరబడి ఆ నీటితో కాపురముండి వ్రాసినవాడు కావున ఈ మాటలకు బలము కలదు.

ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే సంచారమే వృత్తిగా గలవాడు. ప్రయాణసాధనములను గూర్చి అతడు వ్రాసిన ప్రకరణము ఆనాటి బాటలకు అద్దము. దేశమున గుఱ్ఱములకు బదులు ఎద్దులే ప్రయాణికులను మోయుచుండెను. ఇద్దరు కూర్చుండదగిన రెండెద్దుల బండి రోజునకు సుమారు రూపాయికి బాడుగకు దొరకుచుండెను. సుఖము కోరువారు పల్లకి నెక్కుచుండిరి. బోయీకి నెలజీతము అన్నిటితో కూడ నాలుగు రూపాయలు. ప్రయాణము అరువదిదినములు మించినచో ఐదు. గోలకొండకు దక్షిణముగా పోవు దారులు బండ్లకు తగినవి కావనియు, తాను తీసికొనిపోయిన చిన్నబండిని చెడ్డచోట్ల విడదీయవలసివచ్చెననియు అతడు చెప్పెను.

నదులను దాటుటకు వాడుకలోనుండిన పుట్టిని అతడు వర్ణించిన తీరు నేటికిని పాఠకునికి కనులకు కట్టినట్లుండును. పెద్దగంపవలె అల్లి, వెలుపల ఎద్దుతోలు బిగించి, అడుగున కట్టెలు పరచి, వానిపై తివాచీలు వేసి సామానును ఉంచుచుండిరి. బండిని రెండు పుట్టులనడుమ కట్టి దాటించుచుండిరి. గుఱ్ఱములు ఈదవలసినదే. ఎద్దులను బరువు దించి నీటిలోనికి తోలినచో అవియే ఆవలిగట్టు చేరుచుండెను. ఈ పుట్టినే మన కావ్యములలో హరిగోలు అందురు. కట్టుబడిలో పెద్దమార్పు లేక అది పెక్కు శతాబ్దులు మన నదులపై తేలినది.

1652లో టావెర్నియే బందరునుండి గండికోటకు పోవుచు వానకాలమున బెజవాడమీదుగా ప్రయాణము చేసెను. అచటి దేవాలయములను వర్ణించెను. గండికోటలో మీర్‌జుమ్లా యుండెను. అతడు చూచి అభిప్రాయము చెప్పనిదే గోలకొండ సుల్తాను రత్నములను కొనడు. కావుననే వర్తకుడు వరదలో నదిని దాటి అంతదూరము పోవలసివచ్చెను. మోటుపల్లిలో రాతిని చూపినచాలును. ఇచట అధికారి ముఖము చూడవలసివచ్చెను.

వజ్రపుగనుల విషయమున ఈ వర్తకులు మార్కోపోలోకంటె ఒక మెట్టు పైనున్నారు. కృష్ణకు దక్షిణపుగట్టుననున్న కొల్లూరు గనికి మెత్‌వోల్డును, టావెర్నియేయును స్వయముగా పోయిరి. వారి వ్రాతలలో గ్రద్దలు లేవు. మట్టిని త్రవ్వు పురుషులు, దానిని మోయు స్త్రీలు, బాలురు కలరు. మెత్‌వోల్డు కూలివారు సుమారు ముప్పదివేలనెను. కొన్ని దశాబ్దుల పిమ్మట టావెర్నియే అరువదివేలనెను. పని వృద్ధియైనదని కొందరందురు, కావచ్చును. కాని ఆ సంఖ్యలను ఇద్దరిలో నెవరును లెక్కపెట్టియుండరు. గనిపై నున్నవారు చెప్పగా వ్రాసికొనియుందురు. జనము అధికమనుట కన్నది, వేలసంఖ్య విన్నది. స్థలమునకు స్వయముగా పోయినవాని గ్రంథమునందును ఈ విభాగము చేయకతప్పదు.

భాష చెప్పినవారు

పరదేశికి మూడవయవసరము దుబాషి. అతని కన్నులతో చూచి, అతని నోటితో అడిగి, తానే చూచినట్లు వ్రాయుట యాత్రికులకు అలవాటు. ఈ ఋణమును దాచక ఒప్పుకొన్నవాడు కర్నలు కాలిన్ మెకంజీ.

అతడు కంపెనీవారి సర్వేయరు. 1798లో అమరావతిని చూచెను. వాసిరెడ్డి వేంకటాద్రినాయుని కాలమున దిబ్బను త్రవ్వగా బయల్పడిన శిల్పములు అతని నాకర్షించెను. 1815లో హిందూదేశపు సర్వేయరు జనరలైన పిమ్మట, 1816లో అతని యుద్యోగులు మరల అచట పటములు వ్రాయుటకు పూనిరి. దక్షిణదేశమున అతడు కూర్పించిన కైఫీయతులు, శాసనప్రతులు, వ్రాతప్రతులు లేనిదే ఆంధ్రదేశచరిత్రమును వ్రాయుటయే కష్టము. అయినను మెకంజీకి దేశభాషలు రావు. ఆ సంగతిని 1817లో తన మిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో అతడే చెప్పుకొనెను.

అతనికి త్రోవచూపినవారు ఏలూరివారగు కావలి సోదరులు. వెంకటబొఱ్ఱయ్య తరుణవయస్సుననే కొలువున చేరి, పలుభాషలు నేర్చి, పాతశాసనలిపులను చదువు నేర్పు సంపాదించి, 1803లో అకాలమరణము నొందెను. హిందువుల విజ్ఞానమునకు అతడే తనకు ద్వారమయ్యెనని మెకంజీ కృతజ్ఞతతో తెలిపెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. 1821లో మెకంజీ మరణించిన పిమ్మటను దానిని నిలుపుటకు పాటుపడెను. గ్రామకరణములకడకు పోయినవారు, దండకవిలెలను చూపుమని బతిమాలినవారు, గుడిగోడలపై అక్షరములను ఎత్తివ్రాసినవారు ఈ తెలుగువారే. గ్రంథాలయమున మాత్రము ఆ సంపుటములకు మెకంజీ సంపుటములని పేరు. పేరునకు ఆక్షేపణ లేదు. పేరుచాటున పనివారిని మరచుటయే దోషము.

దుబాషియే యాత్రికుడైన వేళ

ఇంతవరకు చెప్పినవారందరును అన్యభాషలవారు. తెలుగుదుబాషియే యాత్రికుడైనచో గ్రంథమెట్లుండునో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర చూపుచున్నది. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాషి. 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురములమీదుగా కాశికి పోయి, తిరుగుప్రయాణమున జగన్నాథమునుండి తూర్పుతీరముపట్టి, గోదావరీకృష్ణలను దాటి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. దారిపొడుగున వ్రాసి పంపిన విషయములను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గ్రంథముగా కూర్చెను. 1838లో అది అచ్చుపడెను. విజయవాడయందలి న్యాయవాదియు చరిత్రకారుడునైన దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి 1941లో మరల ప్రకటించెను.

ఈ గ్రంథమునకును పరదేశుల గ్రంథములకును గల భేదము దృష్టిలో కలదు. టావెర్నియే ఊరిలో వింత యేమున్నదో వ్రాసెను. వీరాస్వామయ్య ఊరిలో బసకు చోటున్నదా, నీరెట్టిది, అంగళ్లున్నవా, ముందున్న దారి రాతిదా రేగడిదా యని వ్రాసెను. మొదటివాడు తనదేశపు పాఠకులకు ఆశ్చర్యము కలుగుటకు వ్రాసెను. రెండవవాడు తనవెనుక నడచివచ్చు బాటసారికొరకు వ్రాసెను. చరిత్రకారునికి రెండవదే యుపయోగకరము. ఏమనగా, అనుసరించి నడువబోవువానికి అబద్ధము చెప్పినచో అది మజిలీలోనే బయటపడును.

కాలువ, పొగబండి, వంతెన

వీరాస్వామయ్య తిరిగివచ్చిన రెండేండ్లలోనే, 1832-33లో, గుంటూరుసీమను డొక్కలకరవు పీడించెను. జనము అసంఖ్యాకముగా నశించిరి. నీరు లేకపోవుట యొకకారణము. ధాన్యమున్న చోటినుండి లేనిచోటికి చేర్చుటకు దారి లేకపోవుట మరియొకకారణము. బాటసారి కష్టము ఒక్కని కష్టము కాదని, బాట లేనిచో ఊరే చచ్చునని ఆ కరవు నిరూపించెను.

ఆర్థర్ కాటను ప్రోత్సాహముతో, చార్లెస్ ఓర్ పర్యవేక్షణమున, బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. దాని పొడవు సుమారు 3,700 అడుగులు. దానినుండి తీసిన కాలువలు సేద్యమునకు మాత్రమే కాక పడవలకును ఉద్దేశింపబడినవి. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపెను. పడమటిగట్టున కొమ్మమూరు కాలువ దక్షిణముగా పోయి, 1878లో బకింగ్‌హాం అను పేరుపొందిన తీరపుకాలువను కలిసెను. అప్పటినుండి కాకినాడనుండి చెన్నపట్టణమువరకు నీటిమీదనే పోవుట సాధ్యమయ్యెను. పడవను ఒడ్డున నడచువారు త్రాటితో లాగుచుండిరి. లాకులకడ నీరు సమమగువరకు పడవ ఆగుచుండెను. ఆ వేగమున పోవువాడు గట్టుమీది ఊళ్లను, పంటలను, మనుష్యులను చూడక తప్పదు.

పొగబండి ఆ వేగమును మార్చెను. 1889లో హైదరాబాదునుండి బెజవాడకు రైలు వచ్చెను. 1893లో కృష్ణపై రైలువంతెన పూర్తియయ్యెను. 1899లో చెన్నపట్టణముతో సంబంధము కలిగెను. 1908లో బందరునకు రైలు పోయెను. ఋతువు చేతిలోనుండిన నదీతరణము కాలపట్టిక చేతికి వచ్చెను. బండ్లకు, పాదచారులకు మాత్రము చాలకాలము పడవలే గతి. 1952లో పాత ఆనకట్టకు గండిపడెను. దానికి బదులుగా కట్టిన ప్రకాశము బ్యారేజీ 1957లో ముగిసి, పైన బాటతో సహా ఉపయోగమునకు వచ్చినది. నాటినుండి ఏ ఋతువునందైనను మనుష్యుడు కృష్ణను కాలినడకనే దాటగలుగుచున్నాడు.

ఈ మార్పువలన కలిగిన మేలు చెప్పనలవి కానిది. దానిని కాదని పుట్టులను, పల్లకులను కీర్తించుట అవివేకము. నాలుగురూపాయల జీతమునకు మనుష్యుడు మనుష్యుని మోయుట పోవలసినదే, పోయినది. కాని యాత్రికుని సాక్ష్యమును తూచువారు ఒకటి గమనింపవలెను. బోయీలతో, సరంగులతో, కరణములతో మాటలాడకయే ఈ దేశమును దాటగల పరదేశి పందొమ్మిదవ శతాబ్దిచివరనే మొదటిసారి పుట్టెను. అతడు త్వరగా పోయెను, కష్టపడలేదు, ఎవరికిని ఋణపడలేదు. ఆ కాలపు యాత్రాగ్రంథములలో బెజవాడ యొక రైలుకూడలిగా మాత్రమే కనబడినచో ఆశ్చర్యము లేదు.

ఉపసంహారము

పై విచారణవలన తేలిన విషయములు మూడు. పరదేశి వ్రాతను చదువునప్పుడు, అతడు ఏ యభయముతో వచ్చెనో చూడవలెను. శాసనము నమ్మి వచ్చినవాడు రేవును వర్ణించును. అధికారి నాశ్రయించినవాడు దర్బారును వర్ణించును. రెండవది, అతడు ఎచట నిలిచెనో, ఎచట దారిన పోయెనో విడదీయవలెను. నిలిచినచోటి సాక్ష్యము బలవత్తరము. మూడవది, అతనికి భాష చెప్పినవారెవరో కనుగొనవలెను. కనుగొనలేనిచో, అట్టివారుండిరని మాత్రమైనను స్మరింపవలెను. పాఠశాలలో ఈ గ్రంథములను చెప్పు ఉపాధ్యాయులు విద్యార్థులచేత కన్నదానిని, విన్నదానిని రెండు వరుసలలో వ్రాయించినచో చరిత్రవిమర్శకు అంతకుమించిన ప్రథమపాఠము వేఱొకటి యుండదు.

వరదలో కృష్ణను దాటించిన పుట్టివాని పేరును టావెర్నియే వ్రాయలేదు. ఏ యాత్రికుడును అట్టివాని పేరు వ్రాయలేదు. మల్కాపురశాసనమునందు మాత్రము ఆచార్యునితోపాటు వైద్యునికి, కాయస్థునికి, వంటవారికి, కాపరులకు, కమ్మరికి, కుమ్మరికి, మంగలికి ఎవరికెంత భూమియో నిర్ణయింపబడియున్నది. వారి పేళ్లు దానిలోను లేవు. కాని వంతు కలదు.